ఒలిమి పుట్టిన కొండ

కుసుమావతీ రాజ్యానికి ఉత్తరపు కొసన, నీలవేణీ నది ఒరుసుకుని పారే చోట, కత్తితో కోసినట్టు నిట్టనిలువుగా నిలబడ్డ కొండ ఒకటుంది. పొద్దు పొడిచే వేళ దాని ముఖం పసుపు రాసుకున్నట్టు ఉంటుంది. జాము పొద్దెక్కేసరికి ఎర్రబడుతుంది. ఎండ అవతలికి తిరిగాక నీలంగా మారి చల్లబడుతుంది. ఆ రాతిగోడ పొడవునా, చూరుకు కట్టిన ఉట్లలా తేనెపట్లు వేలాడుతుంటాయి. ఒక్కొక్కటీ తలుపురెక్కంత ఉంటుంది. వాటి మోత అరకోసు దూరం నుంచే వినిపిస్తుంది. ఆ కొండకూ, దాని నెత్తిన ఉన్న ముప్పై గుడిసెల గూడేనికీ కలిపి ఒకటే పేరు, జుంటికోన.

ఒకనాటి ఉదయం ఆ కొండ మీదికి ఉప్పు బేరగాడొకడు కాళ్ళూ చేతులూ నేలకానించి పాకుతూ ఎక్కాడు. మాసిన తలపాగా, మట్టికొట్టుకున్న గడ్డం, భుజాన ఉప్పుమూట. వేషం చూస్తే వంక పెట్టడానికి లేదు. కాని ఏ బేరగాడూ దారిలో కనబడ్డ ప్రతి రాతి మీది గీతనూ వేలితో తడిమి చూడడు. ఎదురైన ప్రతివాణ్ణీ ఆపి ఈ చెట్టును మీరేమంటారు, ఆ వాగుకు ఆ పేరెందుకొచ్చింది అని ప్రాణం తీయడు. ఇతను కుసుమావతీ ఆస్థానంలో రాగిరేకుల మీద శాసనాలు చెక్కే పనివాడు. పేరు మకరందుడు. వచ్చింది ఉప్పు అమ్మడానికి కాదు, ఒకే ఒక్క మాటకు అర్థం వెతకడానికి.

ఆ మాట ‘ఒలిమి’.

కొడుకులు లేకుండా రాజు కన్నుమూశాడు. మూలపురుషుడు వేయించిన రాగిరేకు తీసి చూస్తే, వారసుడు లేనినాడు ఒలిమి గలవాడే గద్దెనెక్కవలెనని ఉంది. ఒలిమి అంటే మానవమాత్రులకు లేని మనశ్శక్తి అని రాజ్యంలో పసిపిల్లలకు కూడా తెలుసు. సరిగ్గా అప్పుడే కాలజిహ్వుడనే మాంత్రికుడు సభకు వచ్చాడు. సేనాపతి మనసులో ఏముందో చదివి సభలో చెప్పాడు, సేనాపతి తల ఎత్తలేకపోయాడు. చెయ్యి వెయ్యకుండా దీపపు సెమ్మెను గడప దాటించాడు. ఇంకేముంది, ఇదే ఒలిమి అన్నారు అందరూ. పండితులు మరీ ముందుకు పోయారు. ఎదుటివాడి మనసును పండు ఒలిచినట్టు ఒలిచి చూడటమే ఒలిమి అని ఒకడన్నాడు. కాదు, మనసులోది ఒలికి బయటికి రావడం అని ఇంకొకడన్నాడు. ఇద్దరూ జుట్టూజుట్టూ పట్టుకునేదాకా వచ్చారు.

పాత శాసనాలు చదివే సోమదత్తుడొక్కడే లేచి నిలబడ్డాడు. మూలపురుషుడు మంత్రగాడు కాడే, జుంటికోన వాసి అని ఆ రేకు మీదే ఉందే, ఆ కొండవాళ్ళ మాటకు మనం ఇక్కడ కూర్చుని అర్థాలు చెప్పడమేమిటి, ముందు తెలుసుకుని తర్వాత గద్దె ఇద్దామన్నాడు. ఆ మాట అన్నందుకు అతణ్ణి చెరలో వేశారు. వృద్ధమంత్రికి మాత్రం లోపల అనుమానం ఉంది. పట్టాభిషేకం పున్నమి నాడు, ఆలోగా ఆ మాట సంగతి తేల్చి తెస్తే సోమదత్తుడు బతుకుతాడు, లేకపోతే ఆ రోజే అతని తల పోతుందని తీర్పు చెప్పాడు. కాలజిహ్వుడు కూడా నవ్వి ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ సోమదత్తుడు మకరందుడి అక్క మందాకినికి భర్త. బావ చదవడం, బావమరిది చెక్కడం, పదేళ్ళుగా ఇద్దరికీ అదే లోకం. బయల్దేరేటప్పుడు మందాకిని ఏడవలేదు. ఉప్పుమూట తమ్ముడి భుజానికెత్తి, మాటల పిచ్చి మీ ఇద్దరిదీ, ప్రాణం పోయేది మాత్రం ఒక్కరిది, వెళ్ళి ఆ అర్థమేదో తీసుకురా అంది.

మకరందుడు మొసళ్ళ మడుగును తాటిదోనె మీద దాటాడు. దారిదోపిడీ ముఠాకు దొరికిపోయి, వాళ్ళ నాయకుడి కత్తి మీద అతని పేరు అందంగా చెక్కి ఇచ్చి తప్పించుకున్నాడు. పులి తరిమితే ఒక పగలంతా మద్దిచెట్టు మీద కూర్చుని, మద్దికి ఆ పేరు ఎందుకు వచ్చి ఉంటుందా అని ఆలోచించాడు. ఇప్పుడు పున్నమికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. వచ్చిన దారిన తిరిగి వెళ్ళాలంటే తొమ్మిది రోజులు పడుతుంది. అంటే చేతిలో ఉన్నవి మూడే రోజులు.

గూడెంలో మొదటి గుడిసె ముందు ఒక ఆడమనిషి మైనం వడకడుతోంది. మకరందుడి నాలుక పిడచకట్టుకుపోయింది. నీళ్ళకుండ చూడగానే మర్యాదగా చేతులు దోసిలి పట్టాడు.

“అక్కా, కాసిన్ని మంచినీళ్ళు పోస్తావా?”

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. తలెత్తి అతణ్ణి కిందికీ పైకీ చూసింది.

“ఏమన్నావు? ఇంకోపాలి అను.”

“నీళ్ళు పొయ్యక్కా అన్నాను.”

ఆమె కుండ తెచ్చి దోసిట్లో పోసింది. అతను తాగుతుంటే కళ్ళార్పకుండా చూసింది. ఆఖరి గుక్క గొంతు దిగిందో లేదో, గూడెం దద్దరిల్లేలా కేక పెట్టింది. గుడిసెల్లోంచి జనం బిలబిల వచ్చారు. ఎవరో తలకు నూనె పెట్టారు, ఎవరో పాదాలకు పసుపు రాశారు. కొర్రజావలో తేనె పోసి ముందు పెట్టారు. నల్లరేగడి మట్టిలా నిగనిగలాడే మనిషొకడు వచ్చి గట్టిగా కౌగిలించుకుని బావమరిదీ అన్నాడు. మకరందుడికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానిదంటే అతనికి మహా ఇష్టం గనక అభ్యంతరం చెప్పకుండా జావ తాగుతూ కూర్చున్నాడు.

మైనం వడకట్టినామె పేరు సింగి. కౌగిలించుకున్నవాడు ఆమె మొగుడు ఓబన్న, కోనలో తేనె కోసేవాళ్ళందరిలోకీ మొనగాడు. ఇంతలో కర్ర పొడుచుకుంటూ ఒక ముసలమ్మ వచ్చింది. ఆమె గురవ్వ, గూడెం పెద్ద. అతని ఎదురుగా కూలబడి, అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసి, ఈత వచ్చా అని అడిగినంత మామూలుగా అడిగింది.

“ఒలిమి ఉందా నీకు?”

జావ అడ్డం పడి మకరందుడు ఉక్కిరిబిక్కిరయ్యాడు. ఏ మాట కోసం బావ చెరలో ఉన్నాడో, ఏ మాట కోసం పండితులు కొట్టుకున్నారో, ఆ మాట ఇక్కడ పళ్ళులేని నోట్లోంచి ఇంత తేలిగ్గా వచ్చింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని ప్రశ్నల వర్షం కురిపించాడు. ఒలిమి అంటే ఏమిటి, అది మీ అందరికీ ఉంటుందా, పుట్టుకతో వస్తుందా, దానికి మంత్రమేదైనా ఉందా, మనసులు చదువుతారా. గురవ్వ కడుపు పట్టుకుని నవ్వింది.

“అడిగితే వొచ్చేదైతే ఊళ్ళల్లో వాళ్ళందరికీ వొచ్చుండేది గదరా అబ్బయ్యా. పట్టి చూడు, నీకే తెలుస్తది.”

ఏం పట్టాలో తర్వాత తెలిసింది. జుంటికోనలో తేనె కోసేవాడు తాడు కట్టుకుని కొండగోడ మీదికి దిగుతాడు. పైన ఒక్కడే తాడు పట్టుకుంటాడు. ఆ ఒక్కడు కచ్చితంగా దిగినవాడి పెళ్ళానికి తమ్ముడో అన్నో అయి ఉండాలి. సొంత అన్నదమ్ములు పనికిరారు, వాళ్ళకు పంపకాల తగాదాలుంటాయి. స్నేహితులు పనికిరారు, వాళ్ళకు ఆడవాళ్ళ విషయంలో బుద్ధి ఎప్పుడు ఎలా తిరుగుతుందో చెప్పలేం. తోడబుట్టినదాని తలరాత చెడగొట్టుకోవాలని మాత్రం ఎవడూ అనుకోడు. అందుకని బావ తాడు బావమరిది చేతిలోనే ఉండాలని వాళ్ళ తాతల నాటి కట్టుబాటు. సింగి తమ్ముడు పోతన్నను నెల కిందట ఎలుగుబంటి కొట్టి కాలు విరిచింది. అప్పట్నుంచి ఓబన్న దిగలేదు. అతను తప్ప ఎవరూ దిగలేని చోట పెద్ద పట్లు పండిపోయి ఉన్నాయి. వానలు పడితే మొత్తం కొట్టుకుపోతుంది, తేనెకు మారుగా వచ్చే గింజలు ఏడాదంతా గూడేనికి రావు. కోన ఆడపిల్లను అక్కా అని పిలిచి ఆమె చేతి నీళ్ళు తాగినవాడు ఆమెకు తమ్ముడే. దాహమేసిన పట్నంవాడు మర్యాద కోసం అన్న మాటను వాళ్ళు ఆవిధంగా తీసుకున్నారు.

పొరపాటయింది, నేను ఉప్పు బేరగాణ్ణి అని మకరందుడు నోటిదాకా తెచ్చుకున్నాడు. కాని సింగి ముఖం చూశాక ఆ మాట మింగేశాడు. నిజం చెప్పాలంటే భయం కన్నా కుతూహలమే ఎక్కువగా ఉంది అతనికి. ఎండ గోడ వెనక్కి తిరగ్గానే దిగుదామని ఓబన్న అన్నాడు. సరే బావా అన్నాడు మకరందుడు.

ఈ గొడవలో, మూలికల సంచీతో ఒక బైరాగి గూడెంలోకి వచ్చి చెట్టు నీడన కూర్చున్నాడు. అతిథి గనక ఎవరూ ఏమీ అడగలేదు. మజ్జిగ ఇద్దామని సింగి ఇంకా అనుకుంటుండగానే అతను చెయ్యి చాచాడు. మకరందుడు అది చూశాడు, వింతగా ఉందే అనుకున్నాడు. తాడు సంగతి వినే తొందరలో మళ్ళీ దాని జోలికి పోలేదు.

మధ్యాహ్నం తిరిగింది. కొండ అంచున నడుమెత్తు రాతిమొద్దు ఒకటుంది, తరతరాల తాళ్ళ ఒరిపిడికి అద్దంలా నునుపెక్కింది. తాడును దానికి ఒక చుట్టు తిప్పి, కొసను వెనక చండ్రకర్ర మేకుకు కట్టారు. గురవ్వ మెత్తని మైనం ముద్దలు చేసి మకరందుడి చెవుల్లో కూరింది. కింది కేకలు వినకూడదు, తొంగిచూడకూడదు. వింటే చెవి మాట నమ్ముతావు, చూస్తే కంటి మాట నమ్ముతావు, చేతి మాట వినవు అంది. ఇంకొకరి చెయ్యి తాడు తాకడానికి లేదు. ఇద్దరు పడితే కిందివాడి సంగతి ఏ చేతికీ తెలియదట. ఆడవాళ్ళు, పిల్లలు పదడుగుల దూరాన గీత గీసుకుని కూర్చున్నారు.

ఓబన్న నడుముకు తాడు బిగించి, పొగకట్ట భుజాన వేసుకుని, పళ్ళమధ్య కత్తి కరుచుకుని దిగాడు. మొదట మకరందుడి చేతికి తెలిసింది ఒక్కటే, బరువు. నూతి తాడుకు నిండు కడవ కట్టినంత మొండి బరువు. పది బారలు వదిలాడు. ఇరవై వదిలాడు. ఇందులో తెలిసేదేముందని మనసు గునిసింది.

కాని ఇరవై ఏళ్ళుగా ఉలి పట్టిన చెయ్యి అది. రాగిరేకులో ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పగులు రాబోతుందో కంటికన్నా ముందు చేతికి తెలియడం అతనికి కొత్త కాదు. కాసేపటికి ఆ మొండి బరువులో తేడాలు మొదలయ్యాయి. తాడు సన్నగా వణికితే కత్తి పట్టు మీద పడిందన్నమాట. ఆగి, చిన్నగా రెండుసార్లు అదిరితే పొగ గొంతులోకి పోయి దగ్గాడు. బరువు ఒక పక్కకు మళ్ళితే ఎడమకాలు ఆనింది. మరి కాసేపటికి ఇవి విడివిడిగా తెలియడం కూడా ఆగిపోయింది. ఓబన్న అలిసిపోయాడని తెలిసింది. ఒక పెద్ద పట్టు చూసి ఆశపడ్డాడని తెలిసింది. ఎలా తెలిసిందని అడిగితే మకరందుడు చెప్పలేడు. ఇదా, ఇంతేనా, ఇంత ఉందా అనుకున్నాడు. బావ పక్కన ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

“బాగుంది. ఇంకా తెలుసుకో. నీకు తెలిసినదంతా నాకూ తెలుస్తోంది.”

చెవుల్లో మైనం ఉంది. అయినా ఆ మాట స్పష్టంగా వినబడింది. మకరందుడు తల తిప్పాడు. చెట్టు కింద బైరాగి అతణ్ణే చూస్తున్నాడు. గడ్డం పక్కకు తొలిగింది. సభలో చూసిన పసుపు కళ్ళు, తెరిచిన నోట్లో నల్లబారిన నాలుక. పెదవులు కదలడం లేదు.

కాలజిహ్వుడు ఎందుకు నవ్వి గడువుకు ఒప్పుకున్నాడో అప్పుడు అర్థమైంది. రాజధానిలో ఒలిమికి అర్థం తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఎవరికీ తెలియనిదాన్ని ఎవరి మనసులోంచి చదువుతాడు? అందుకే తెలుసుకోబోయేవాణ్ణి ముందు నడిపించి, వెనక తాను వచ్చాడు.

మాంత్రికుడు మాట పొడిగించాడు. తాడు వదిలెయ్యమన్నాడు. వదిలేస్తే ఈ గూడెం వాళ్ళు నిన్ను తరిమేస్తారు, ఈ సంగతి నీ నోట వినేవాడు ఉండడు, నీ బావను ఈ రోజే విడిపిస్తాను, మీ అక్క పక్కన చేర్చి ఊరు దాటిస్తాను అన్నాడు.

“కింద వేలాడేవాడు నీకేమవుతాడు? పొద్దున్న తాగిన నీళ్ళ చుట్టం. అక్కడున్నవాడు నీ సొంత బావ. ఆలోచించుకో.”

మకరందుడు ఆలోచించాడు. ఆలోచించలేదని అబద్ధం చెప్పడం ఎందుకు? ఒక్క రెప్పపాటు అక్క ముఖం కళ్ళముందు మెదిలింది, చేతి పట్టు సడలబోయింది. కాని ఆ చేతిలోనే ఇంకొకడి దగ్గు, అలుపు, ఆశ కదులుతున్నాయి. అవి తెలిసినంతసేపూ వదలడం అతని వల్ల కాలేదు. వదలను అనుకున్నాడు. అనుకుంటే చాలు, ఎదుటివాడికి వినబడుతుంది.

కాలజిహ్వుడు మేకు వంక చూశాడు. చండ్రకర్ర మేకు కిర్రుమని కదిలి, పంటిలా ఊడి, అంతెత్తున ఎగిరి పడింది. బరువంతా ఒక్కసారిగా మకరందుడి మీద పడి, అతణ్ణి ఈడ్చుకుపోయి రాతిమొద్దుకు కొట్టింది. కాలు మొద్దుకు తన్నిపెట్టి ఆపుకున్నాడు. అరచేతుల తోలు లేచిపోయింది. సింగి గీత దాటి పరుగెత్తబోయింది. గురవ్వ ఆమె జడ పట్టి వెనక్కి లాగింది, అప్పుడు ఆ ముసలిదాని కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

కింద ఓబన్న కాలు జారింది. కదిలిన పట్టులోంచి ఈగలు నల్లటి మబ్బులా లేచాయి. పైకి వచ్చినవి మకరందుడి ముఖం మీద, మెడ మీద ముసిరాయి. చెయ్యి తీసి తోలుకోవడానికి లేదు.

మాంత్రికుడు తాపీగా చెబుతూనే ఉన్నాడు, పంతులు పద్యానికి అర్థం చెప్పినట్టు. “ఎడమ కన్ను మూసుకుపోయింది వాడికి. పెళ్ళాన్ని తలుచుకుంటున్నాడు. లాగు, లాగు, పైకి లాగు అని మనసు అరుస్తోంది. అబద్ధం కాదు, నేను చదివి చెబుతున్నాను.”

అది అబద్ధం కాదు. అయినా మకరందుడి చేతికి ఇంకేదో తెలుస్తోంది. బరువు కిందికి పడటం లేదు, పక్కకు ఊగుతోంది. గోడను కాళ్ళతో తన్ని, మళ్ళీ తన్ని, కుడివైపు దేన్నో అందుకోబోతోంది. ప్రతిసారీ తాడు బిగిసి వెనక్కి లాగేస్తోంది. మనసు భయంతో లాగమంటోంది, ఒళ్ళు మాత్రం వదలమంటోంది. ఇప్పుడు లాగితే మనిషి గోడకు కొట్టుకుని చస్తాడు. మకరందుడు కళ్ళు మూసుకున్నాడు, మూడోసారి ఊగేదాకా ఆగాడు, సరిగ్గా అప్పుడు ఒక బారెడు వదిలాడు.

బరువు మాయమైంది.

సింగి అరిచిన అరుపు అతనికి వినబడలేదు గాని, ఆమె నోరు తెరుచుకోవడం కనబడింది. తాడు ఖాళీగా వేలాడింది. ఒక క్షణం, రెండు క్షణాలు. తర్వాత కింద నుంచి నెమ్మదిగా, ధీమాగా మూడుసార్లు గుంజినట్టు అనిపించింది. ఓబన్న కుడివైపున్న రాతి అరుగు మీద కాళ్ళు ఆనించి నిలబడ్డాడు.

అతను పైకి ఎగబాకి వచ్చేసరికి ముఖం గుమ్మడికాయంత వాచి ఉంది. ఆ వాపులోనే నవ్వుతున్నాడు. అంచు మీద బోర్లాపడి, రొప్పుతూ, గురవ్వతో చెప్పాడు.

“లాగమనే నేను మొత్తుకున్నా అవ్వా. ఈడు లాగలేదు, వొదిలాడు. ఎట్టా తెలిసిందో ఏమో.”

గురవ్వ మకరందుడి చెవుల్లో మైనం తీసింది. చెక్కుకుపోయిన అతని అరచేతుల్లో తేనె రాస్తూ అంది, “ఇదేరా మేము ఒలిమి అనేది. ఇంకేం లేదు. మావోడొకడు ఎప్పుడో కిందికి పొయ్యి, వరదలో మునిగే ఊరిని తాడేసి ఒడ్డుకు లాగాడంట. ఊళ్ళో వాళ్ళు ఆణ్ణి రాజును చేసుకున్నారంట. ఆడు చెప్పిన మాటే మీకాడ మంత్రమై కూచుంది.”

మకరందుడికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఒలవడమూ కాదు, ఒలకడమూ కాదు. ఒకడి బరువు మోస్తున్న చేతికి ఆ మనిషి తెలియడం. పండితుల కొట్లాట ఒక ముసలమ్మ తేనెచేతిలో తీరిపోయింది.

కాలజిహ్వుడు లేచి నిలబడ్డాడు. బైరాగి జడలు తీసి విసిరేశాడు. ఓబన్న మనసులోని ప్రతి ముక్కా తాను చదివి చెప్పానని, ఈ పసివాడు తడుముకున్నదాన్ని తాను చూశానని, అయితే ఒలిమి తనకే ఎక్కువ ఉన్నట్టు కదా అని అడిగాడు. గురవ్వ అతణ్ణి ఎగాదిగా చూసింది.

“తెలిసీ కూచున్నావే, దాన్ని మా కోనలో వేరే పేరుతో పిలుస్తాం. ఆడోళ్ళం అందరం ఉన్నాం, నా నోట చెప్పించొద్దు.”

గూడెం నవ్వింది. మాంత్రికుడి పసుపు కళ్ళు చిన్నవయ్యాయి. అతను మకరందుడి వైపు తిరిగాడు, ఈసారి నోటితోనే మాట్లాడాడు.

“పరీక్ష ఏమిటో నాకు నేర్పినందుకు సంతోషం. ఇక పున్నమిదాకా ఎందుకు? నాలుగో రోజునే పట్టాభిషేకం. సభ అంతా చూస్తుండగా కోటగోడ మీంచి నీ బావను తాడుకు కట్టి వేలాడదీస్తాను. తాడు నేనే పడతాను. అతని మనసులో వచ్చే ప్రతి ఆలోచననూ గట్టిగా చదివి వినిపిస్తాను, ఆఖరిదాకా.”

వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. కొండ వెనక నుంచి దూడంత రాబందు ఒకటి రెక్కలు టపటపలాడిస్తూ వచ్చి వాలింది. దాని మెడ మీదికి ఎక్కి దక్షిణంగా ఎగిరిపోయాడు. ఓబన్న విసిరిన కత్తి దాని తోక ఈకలు రెండు రాల్చింది, అంతే.

మకరందుడు నేల మీద చతికిలబడ్డాడు. బావ మెడకు తన కుతూహలమే ఉరి తగిలించిందని అనిపించింది. తొమ్మిది రోజుల దారి, నాలుగు రోజుల గడువు. దాచడానికి ఇక ఏమీ లేదు గనక ఉన్నదంతా సింగికి చెప్పేశాడు. ఆమె విని, కోపగించుకోలేదు.

“అయితే ఆ తాడు నీదే గదా తమ్ముడా. మీ బావ తాడు నువ్వు పట్టకుండా ఆ ముండాకొడుకెట్టా పడతాడు? పోయి అడుగు.”

మాట సూటిగా తగిలింది. రాగిరేకు మీది మాట కోసమే సభ గద్దె ఇవ్వబోతోంది. ఆ మాటకు వెనక ఉన్న కట్టుబాటును కాదనడం వాళ్ళకు కుదరదు. కాని నాలుగు రోజుల్లో చేరాలి కదా. నీలవేణి ఈ కొండ పాదాన్ని ఒరుసుకుని నేరుగా కోటగోడ కిందికే పోతుందని, కొట్టుకొచ్చే దుంగ ఏదైనా పట్టుకుంటే ఆ వడికి మూడు రోజులని ఓబన్న చెప్పాడు. మరి నదిలోకి దారి ఏదంటే అందరూ గోడ అంచు వైపు చూశారు.

దిగేవాడు మకరందుడు. పట్టేవాడెవడు? అతనికి పెళ్ళి కాలేదు, పెళ్ళాం తమ్ముడు లేడు. పెళ్ళికానివాడు దిగకూడదని కోన కట్టుబాటు. ఓబన్నకు చెల్లెలు వరసయ్యే పిల్లలు ఇద్దరున్నారు, ఈ పూటే కట్టెయ్యమని ఎవరో అంటే నవ్వులు లేచాయి. ఓబన్న నవ్వలేదు. ఎవరి అనుమతీ అడగకుండా తాడు తీసి బావమరిది నడుముకు కట్టాడు. తానే మొద్దు వెనక కూర్చుని చేతులకు ఉమ్ముకున్నాడు.

“తాడు సరిపోదురా,” అంది గురవ్వ. “నీళ్ళకు పైన ఇంకా పది పన్నెండు బారలు మిగులుతది. ఆడి నుంచి దూకాలి. మధ్యలో రాళ్ళుండాయి, అయి దాటి గాని వొదలొద్దు.”

మకరందుడు దిగాడు. తేనెపట్ల మధ్యనుంచి, ఈగల మోతలోంచి, తడిసిన నాచు మీదుగా దిగాడు. కాసేపటికి పైన ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. ఇంకాసేపటికి నది నుంచి లేచే తుంపర కమ్మి అదీ కనబడలేదు. ఇందాక పైనుండి తెలిసినవన్నీ ఇప్పుడు కిందనుండి ఎలా ఉంటాయా అని అంత భయంలోనూ అతనికి కుతూహలమే. కాలు తడబడితే తాడు ఆగేది. ఊపిరి తీసుకున్నాక మళ్ళీ కదిలేది. అడగక ముందే పైవాడికి తెలుస్తున్నట్టుంది.

ఒకచోట తాడు ఆగిపోయింది. అయిపోయిందన్నమాట. ఒక చేత్తో నడుము ముడి సగం విప్పుకుని, రెండో చేత్తో తాడు పట్టుకుని కిందికి చూశాడు. తుంపర పక్కకు తొలిగితే సరిగ్గా కాళ్ళ కింద రాళ్ళు, కోరల్లా నల్లగా. నీళ్ళు బాగా కింద, ఇంకొంచెం ఎడంగా ఉన్నాయి. రెండు బారలు దిగగలిగితే ఊగి రాళ్ళను దాటొచ్చు. ఆ రెండు బారలు లేవు. కేక వేసినా నది హోరులో వినబడదు. బావ గుర్తొచ్చాడు. అరచేతులు మండుతున్నాయి.

అప్పుడు తాడు కదిలింది. నిదానంగా ఒక బార దిగింది. మళ్ళీ ఆగి ఇంకో బార దిగింది.

తాడు అయిపోయిందని గురవ్వ చెప్పిందే, మరి ఈ రెండు బారలు ఎక్కడివి? మకరందుడికి ఏ ప్రశ్న వచ్చినా జవాబు వెతకకుండా ఉండలేడు. తాడును అరచేతిలో బిగించి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పైన రాయి తగలడం లేదు. బరువు రాతిమొద్దు మీద లేదు. మొద్దుకున్న చుట్టు విప్పేసి, అంచున బోర్లా పడుకుని, రెండు చేతులూ గోడ మీదికి చాచి, ఒట్టి వేళ్ళతో ఓబన్న తనను మోస్తున్నాడు. ఆ వేళ్ళు వణుకుతున్నాయి. ఇంకొంచెం సేపు ఆగితే తనతో పాటు అతనూ పడతాడు, అయినా అతను వదలడు.

మకరందుడు నడుముకు మిగిలిన ముడి లాగేసి, గోడను బలంగా తన్ని ఎడమకు ఊగాడు, రాళ్ళు కాళ్ళ కింద నుంచి వెనక్కి పోయాయి. తాడును ఒక్కసారి మెత్తగా గుంజి, వదిలేశాడు.